ముప్ఫై ఎవరికి, నూరు ఎవరికి?

చోటును బట్టి నడుచుకోవడం మన ఆడవాళ్ళకు ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. పేరంటంలో నవ్వినట్టు పరామర్శకు వెళ్ళిన ఇంట్లో నవ్వం. పసివాడు నిద్రపోతున్న గదిలో గిన్నె కింద పెట్టే చెయ్యీ, వంటింట్లో పెట్టే చెయ్యీ ఒకటే. చప్పుడు మాత్రం ఒకటి కాదు. పప్పు ఉడికే మంట మీదే పాలు పెట్టేసి పక్కింటికి కబుర్లకు వెళ్ళే ఇల్లాలు ఉండదు. దీన్ని చూసి ఎవరైనా "నీకో నియమం లేదమ్మా, చోటుకో తీరు" అంటే మనకు నవ్వొస్తుంది. నియమం ఒకటి ఉంది కాబట్టే తీరు మారుతోందని మనకు తెలుసు.

అదేమిటో గాని, ఇదే సంగతి రోడ్డు మీదకు వచ్చేసరికి మనకు అనుమానం పుడుతుంది. ఒకచోట గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటితే తప్పు. ఇంకోచోట నూరు దాకా తప్పు లేదు. మరోచోట నూట ఇరవై అయినా ఫరవాలేదు. ఇదేం నీతి? నీతా, లేక ఏ గుమాస్తాగారో కాగితం మీద వేసుకున్న లెక్కా?

ఈ మాట నన్ను సూటిగా అడిగినవాడు మా మెదక్‌లో మా పక్కింటి అబ్బాయి. ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా నా పుస్తకాల బీరువా ముందు నిలబడి, చేతిలో ఒక పుస్తకం పట్టుకుని, దానికి సంబంధం లేని ప్రశ్న ఒకటి వేస్తాడు.

"ఆంటీ, అబద్ధం హైదరాబాదులో ఆడినా మెదక్‌లో ఆడినా అబద్ధమే కదా. దొంగతనం రెండు లైన్ల రోడ్డు మీద చేస్తే తప్పు, నాలుగు లైన్ల రోడ్డు మీద చేస్తే ఒప్పు అని ఎవరూ అనరు. మరి స్పీడుకు మాత్రం రోడ్డుకో తీరేమిటి? అంటే అది నిజమైన తప్పు కాదన్నమాట. గవర్నమెంటు రాసిన అంకె, అంతే. పట్టుబడితే తప్పు, లేకపోతే లేదు."

కుర్రాడి మాటను నవ్వి తోసెయ్యడానికి వీల్లేదు. ఎందుకంటే అతను పైకి అన్నాడు గాని, బండి నడిపేవాళ్ళలో చాలామంది మనసులో ఉన్నది అదే. కెమెరా ఉన్నచోట కాలు బ్రేకు మీదకు వెళుతుంది. కెమెరా దాటగానే మళ్ళీ యాక్సిలరేటరు మీదకు వస్తుంది. అంకెకు భయపడతారు గాని అంకె వెనక ఏముందో చూడరు. ఏముందో చూద్దామని నేను కొన్నాళ్ళు ఈ లెక్కల వెంట పడ్డాను.

మా ఊరినుంచి హైదరాబాదు వెళ్ళడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి కౌడిపల్లి, నర్సాపూర్, గుమ్మడిదల మీదుగా వెళుతుంది. ఇప్పుడది 765డి నంబరు జాతీయ రహదారి. నర్సాపూర్ అడవి దగ్గర రోడ్డు పక్కన కోతులు కాపలా కాస్తున్నట్టు కూర్చుని ఉంటాయి. రెండోది రామాయంపేట వెళ్ళి 44వ నంబరు రహదారి ఎక్కి, చేగుంట, మాసాయిపేట, తూప్రాన్ దాటి పోయే దారి. శ్రీనగర్‌నుంచి కన్యాకుమారి దాకా పోయే పెద్ద రోడ్డది. 2010లో నంబర్లు మార్చారు గాని, మా పెద్దవాళ్ళకు మాత్రం అది ఇప్పటికీ "ఏడో నంబరు రోడ్డే".

ఎటు వెళ్ళినా నగరం చుట్టూ తిరిగే ఔటర్ రింగు రోడ్డు తగులుతుంది. 158 కిలోమీటర్ల పొడుగు, ఎనిమిది లైన్లు. అక్కడ గరిష్ఠ వేగాన్ని 2023లో నూరు నుంచి నూట ఇరవైకి పెంచారు. అది దాటి నగరంలోకి దిగితే లెక్క మళ్ళీ మారిపోతుంది. మహానగరానికి ప్రకటించిన పట్టికలో కార్లకు డివైడరు ఉన్న రోడ్డు మీద అరవై, లేని రోడ్డు మీద యాభై, కాలనీ వీధుల్లో ఏ బండికైనా ముప్ఫై. అంటే దాదాపు నూరు కిలోమీటర్ల ప్రయాణంలో అదే కారు, అదే డ్రైవరు, వెనక సీట్లో వేరుశనక్కాయల పొట్లంతో అదే నేను. మా మీద ఉన్న అంకె మాత్రం ముప్ఫైకీ నూట ఇరవైకీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

బండిని బట్టి కూడా అంకె మారుతుంది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పట్టిక చూడండి. కారుకు ఎక్స్‌ప్రెస్ వే మీద 120, మధ్యలో డివైడరుతో నాలుగు లైన్లో అంతకన్నా ఎక్కువో ఉన్న రోడ్డు మీద 100, పురపాలక హద్దుల్లోనూ మిగతా రోడ్ల మీదా 70. బస్సుకు అదే వరసలో 100, 90, 60. సరుకుల లారీకీ మోటారు సైకిలుకూ 80, 80, 60. మూడు చక్రాల ఆటోకు ఎక్కడైనా యాభైయే. ఎక్స్‌ప్రెస్ వే మీద దానికి అసలు చోటే లేదు.

వీటన్నిటికీ మూలం 1988 మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షను. ఏ తరగతి బండి ఎంతకు మించకూడదో కేంద్రం చెబుతుంది. ప్రజల భద్రత కోసమో, ఒక రోడ్డు స్వభావాన్ని బట్టో, వంతెన స్వభావాన్ని బట్టో ఫలానా చోట ఇంకా తగ్గించాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం తగ్గించవచ్చు. బోర్డు పెట్టి అందరికీ తెలియజెయ్యాలి. రోడ్డు పక్క ఎర్రటి గుండ్రటి గీతలో మనకు కనబడే అంకె అదే.

ఈ పట్టిక చదువుతుంటే నాకు మన పాతమాట ఒకటి గుర్తొచ్చింది. దేశకాలపాత్రలు అంటారు కదూ? దానం చెయ్యాలన్నా, మాట అనాలన్నా, మౌనంగా ఉండాలన్నా చోటు చూడు, వేళ చూడు, ఎదుట ఉన్నదెవరో చూడు అని. రోడ్డు ఏ రకమో చూడమనడం దేశం. రాత్రా పగలా, వానా ఎండా, బడి విడిచే వేళా కాదా అని చూడమనడం కాలం. లారీయా స్కూటరా, ఎదుట ఉన్నది బస్సా పసిపిల్లా అని చూడమనడం పాత్ర. మోటారు చట్టం రాసినవాళ్ళు శాస్త్రాలు చదివి రాశారని నేననడం లేదు. బుద్ధిగా ఆలోచిస్తే ఎవరైనా అక్కడికే వస్తారని మాత్రం అంటున్నాను.

అయితే దేశకాలపాత్రలు అనే మాటను మనవాళ్ళు రెండు రకాలుగా వాడతారు. ఒకటి నిజమైన వివేకం. రెండోది తప్పించుకునే దారి. "ఈ రోజుల్లో లంచం ఇవ్వక తప్పుతుందా" అనేవాడు కూడా దేశకాలపాత్రల పేరే చెబుతాడు. మరి ఏది వివేకం, ఏది సాకు అని తేల్చడమెట్లా? నాకు తోచిన పరీక్ష ఒకటే. పైన మారేదాని కింద మారనిది ఏదైనా ఉందా? ఉంటే వివేకం. లేకపోతే సాకు. కాబట్టి ముప్ఫై, నూట ఇరవై అంకెల కింద మారనిదేమిటో వెతకాలి.

దానికి కాస్త లెక్క కావాలి. భయపడకండి, వంటింటి కొలతల పాటిదే. మా మెదక్ చర్చి పేరు మీరు వినే ఉంటారు. కరువు కాలంలో పనిలేని జనానికి పని పెట్టి తిండి పెడుతూ చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మతబోధకుడు కట్టించిన చర్చి. 1924 క్రిస్మసు నాడు ప్రారంభమైంది. దాని శిఖరం ఎత్తు 175 అడుగులు. ఆ శిఖరాన్ని రోడ్డు మీద పొడుగ్గా పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. గంటకు నూరు కిలోమీటర్ల మీద పోయే కారు, బ్రేకు తొక్కాక ఆగడానికి ఇంచుమించు అంత దూరం కావాలి. అదీ పొడి రోడ్డయి, టైర్లు మంచివైతేనే. అదే కారు యాభై మీద పోతుంటే శిఖరంలో నాలుగోవంతు చాలు. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. చాలామంది తెలివైన మొగవాళ్ళకు కూడా ఈ సంగతి తట్టదు.

ఇది బ్రేకు తొక్కాక మాట. అంతకుముందు కన్ను చూడాలి, మనసు గ్రహించాలి, కాలు కదలాలి. దానికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఆ ఒక్క సెకనులో నూరు మీద ఉన్న కారు తొంభై అడుగులు ముందుకు పోతుంది. అంటే ఒక పిల్ల రోడ్డు మీదకు పరిగెత్తిందని డ్రైవరుకు తెలిసేలోపలే తొంభై అడుగులు అయిపోయాయి. ముప్ఫై మీద ఉంటే, చూడటంనుంచి ఆగడం దాకా మొత్తం కలిపి నలభై నలభై అయిదు అడుగులు. మన వీధి చివర ఇంటిముందు పిల్ల కనబడితే, ఆ ఇంటికి ఇవతలే ఆగుతుంది.

ఇక తగిలితే? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట ఇది. నడిచే మనిషిని కారు యాభై వేగంతో గుద్దినప్పటికన్నా అరవై అయిదుతో గుద్దినప్పుడు ప్రాణం పోయే అవకాశం నాలుగున్నర రెట్లు. పెరిగింది పదిహేను కిలోమీటర్లే. కారులో ఉన్నవాడికి ఆ పదిహేను తెలియను కూడా తెలియదు. అద్దాలు మూసి, పాట పెట్టుకుని కూర్చుంటే యాభై, అరవై అయిదూ ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలిసేది బయట ఉన్న ఒంటికి మాత్రమే.

ఇప్పుడు మళ్ళీ ఆ అంకెలు చూడండి. ఔటర్ రింగు రోడ్డు మీద నడిచేవాళ్ళు ఉండరు. రెండు చక్రాల బండ్లను రానివ్వరు. ఎదురుగా వచ్చే బండికీ మనకూ మధ్య అడ్డు ఉంది. ఇనప రేకు చుట్టూ లేని ఒళ్ళు అక్కడ ఉండకూడదని ముందే ఏర్పాటు చేశారు. అంచేత నూట ఇరవై. కాలనీ వీధిలో బంతి వెనక పిల్లవాడొస్తాడు, చెయ్యి గోడకు ఆనించుకుంటూ తాతగారొస్తారు, కూరగాయల బండి వస్తుంది. అంచేత ముప్ఫై. ఒళ్ళు ఎంత దగ్గరగా ఉందో అంకె అంత కిందికి దిగాలి. అడిగేది రెండుచోట్లా ఒకే ప్రశ్న: ఇక్కడ ఏ రక్షణా లేని మనిషి ఎవరు?

ఇదే నేను పక్కింటి అబ్బాయికి చెప్పాను. "నాయనా, నువ్వు తప్పుచోట తప్పు వెతుకుతున్నావు. అరవై వేగం తప్పు, నలభై వేగం ఒప్పు అని కాదు. ఎదుటివాడి ప్రాణాన్ని, అతన్ని అడక్కుండా నీ తొందర కోసం పందెం కాయడం తప్పు. ఆ తప్పు మెదక్‌లోనూ తప్పే, హైదరాబాదులోనూ తప్పే. పందెం ఎక్కడ మొదలవుతుందో మాత్రం చోటును బట్టి మారుతుంది. ఆ గీటురాయే ఆ అంకె."

అతను కాసేపు ఆలోచించి, "బాగానే ఉంది ఆంటీ. మరి అంకె వేసేవాళ్ళు నిజంగా ఆ మనిషిని చూసే వేస్తున్నారా?" అన్నాడు.

ఇది మొదటి ప్రశ్నకన్నా పెద్ద ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి, కొంచెం దూరం వెళ్ళాలి.

మోటార్లు రాకముందే, ఆవిరితో నడిచే బండ్లు రోడ్డెక్కిన కాలంలోనే, బ్రిటన్ 1865లో ఒక చట్టం చేసింది. పల్లె రోడ్ల మీద గంటకు నాలుగు మైళ్ళు, పట్టణాల్లో రెండు మైళ్ళు దాటకూడదు. బండికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ఇప్పుడు మనకు నవ్వొస్తుంది. కాని చూడండి, చోటును బట్టి అంకె మారడం ఆనాడే ఉంది. జనం ఎక్కువగా ఉన్నచోట తక్కువ. ఆ జెండా పట్టుకున్న మనిషి ఎవరి పక్షం? బండిలో ఉన్నవాళ్ళ పక్షం కాదు, దారిన పోయేవాళ్ళ పక్షం.

1896 ఆగస్టు 17న లండనులో క్రిస్టల్ పాలెస్ తోటలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే ఆమెను ప్రదర్శనకు తిప్పుతున్న ఒక మోటారు కారు గుద్దింది. ఆమె వయసు నలభై నాలుగు. పక్కన కూతురు ఉంది. బ్రిటన్‌లో మోటారు కారు కింద ప్రాణం పోయిన మొదటి పాదచారిగా ఆమె పేరు చరిత్రలో మిగిలిపోయింది. కారు గంటకు నాలుగు మైళ్ళ మీదే వెళుతోందని డ్రైవరు చెప్పుకున్నాడు. విచారణ జరిపిన అధికారి ఇలాంటిది మళ్ళీ ఎన్నడూ జరగకూడదని ఆశించాడు. అది నిర్లక్ష్యం కాదు, ప్రమాదమేనని తీర్పు వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే, నవంబరులో, కొత్త చట్టం అమల్లోకి వచ్చి వేగం గంటకు పద్నాలుగు మైళ్ళ దాకా అనుమతించింది. ఎర్రజెండా మనిషి ఇంటికెళ్ళిపోయాడు. పోయినామె ఒక్కతే. తొందర ఉన్నవాళ్ళు చాలామంది.

అమెరికాలో ఇంకో తమాషా జరిగింది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించేసరికి, పెట్రోలు ఆదా కోసమని 1974లో దేశమంతటా ఒకే అంకె పెట్టారు, గంటకు 55 మైళ్ళని. ప్రాణాలకోసం పెట్టిన అంకె కాదది. అయినా ఆ ఒక్క ఏడాదిలో రోడ్డు మరణాలు సుమారు తొమ్మిదివేలు తగ్గాయి. జనం తక్కువగా తిరగడం కూడా అందుకు కొంత కారణమే. అయినా ఏ దీపమైనా వెలుగు వెలుగే కదా అని అక్కడ ఆగలేదు వాళ్ళు. చమురు దిగి వచ్చాక సణుగుడు మొదలైంది. 1995లో ఆ చట్టం ఎత్తేసి, ఏ రాష్ట్రం అంకె ఆ రాష్ట్రం పెట్టుకోమన్నారు. ఇటు జర్మనీలో ఆటోబాన్ రోడ్ల మీద చాలాచోట్ల కార్లకు అసలు పరిమితే లేదు. నూట ముప్ఫై మంచిదని సలహా ఒకటి ఉంది, అంతే. ఒక్కో ప్రాంతం అంకె చూస్తే, అక్కడివాళ్ళు దేనికి దేన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారో తెలుస్తుంది. స్వీడను మాత్రం 1997లో, రోడ్డు మీద ఎవరి ప్రాణమూ పోవడం మాకు సమ్మతం కాదు, మనిషి ఒళ్ళు తట్టుకోగలిగినదాన్ని బట్టే రోడ్డూ వేగమూ ఉండాలి అని పార్లమెంటులో తీర్మానించుకుంది.

ఇక మన సంగతి. 2018లో మన అంకెలు పెంచినప్పుడు చెప్పిన కారణం, రోడ్లు బాగుపడ్డాయి, బండ్లు బాగుపడ్డాయి అని. 2021లో మద్రాసు హైకోర్టు, ప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్న ఒక యువతి పరిహారం కేసులో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఇంజన్లు మెరుగుపడితే వేగం అదుపు తప్పి ప్రమాదాలు పెరుగుతాయే గాని తగ్గవని అభిప్రాయపడింది. న్యాయసూత్రాల సంగతి నాకు తెలియదు గాని, ఒక తల్లిగా నాకు తోచేది ఇదే: రోడ్డు బాగుపడింది, బండి బాగుపడింది, మనిషి ఎముక మాత్రం మా అమ్మమ్మ కాలంలో ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

ఆ ఎముక ఎక్కడ ఉందన్నదే అసలు తగాదా. యాసంగి వడ్లు కోసే రోజుల్లో ఓసారి మెదక్ దగ్గరి పల్లెకు ఆటోలో వెళుతున్నాను. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచున రాళ్ళు పేర్చారు. ఒక ముసలామె ఎండలో అటూ ఇటూ నడుస్తూ కాళ్ళతో వడ్లు తిరగేస్తోంది. మా ఆటో అబ్బాయి బండి ఆపి, "అవ్వా, జర పక్కకు జరుగు. బండ్లు దబదబ వస్తున్నయ్" అన్నాడు.

ఆమె నడక ఆపలేదు. "వస్తే రానీ బిడ్డా. ఈ తొవ్వ మా చెల్కలకెల్లే పోయింది. మేము జాగ ఇడిస్తెనే మీరు వస్తున్నరు. ఇంక మేము ఏడికి జరగాలె?" అంది.

రోడ్డు మీద వడ్లు పొయ్యడం మంచిపని అని నేననను. రాత్రిపూట ఆ రాళ్ళు కనబడక, ఆ వడ్లమీద జారి మోటారు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు కోతల కాలంలో మనం చదువుతూనే ఉన్నాం. పోయేవాడు కూడా ఏ తల్లి బిడ్డో. కల్లానికి వేరే జాగా చూపించాలి, రోడ్డు ఖాళీ చేయించాలి, నిజమే. కాని ఆ అవ్వ అన్నదాంట్లో, చట్టం పట్టికలో లేని ఒక సత్యం ఉంది.

పట్టిక రోడ్డు హోదాను చూస్తుంది. ఎన్ని లైన్లు, డివైడరు ఉందా, పురపాలక హద్దా కాదా. ఒకప్పుడు ఊళ్ళనూ పొలాలనూ కలిపే దారి. ఒకరోజు ఫైలు కదిలి, దానికి జాతీయ రహదారి అని నంబరు వస్తుంది. వెడల్పు చేస్తారు, నున్నగా తారు పోస్తారు. హోదా పెరిగింది, దానితో వేగం పెరిగింది. ఊరు మాత్రం లేచి వెనక్కి వెళ్ళలేదు. బడి అవతలే ఉంది, పొలం ఇవతలే ఉంది, రేషను దుకాణం అవతలే ఉంది. 2023 డిసెంబరులో మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు టిక్కెట్టు లేకుండా చేశాక, పొద్దున్నే బస్సు కోసం రోడ్డు దాటి నిలబడే ఆడవాళ్ళను ఏ ఊరి స్టాపులో చూసినా కనబడతారు. నిన్నటిదాకా వాళ్ళు తమ వీధి దాటేవారు. ఇవాళ అదే అడుగులతో జాతీయ రహదారి దాటుతున్నారు. వాళ్ళు చేసిన కొత్తపని ఏమీ లేదు. రోడ్డు పేరు మారింది, అంతే.

లెక్కలు కూడా అదే చెబుతాయి. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో మనదేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో నడిచి వెళుతున్నవాళ్ళే 32,825 మంది. జాతీయ రహదారులు మన రోడ్లన్నిటిలో నూటికి రెండు వంతుల పాటివి. మరణాల్లో మాత్రం మూడోవంతుకు పైగా వాటి మీదే. మొత్తం మరణాల్లో నూటికి డెబ్బైకి పైగా అతివేగం వల్లనేనని ఆ నివేదికే రాసింది. ఇనప రేకు లేని ఒళ్ళు ఉన్నచోటే వేగాన్ని వదిలిపెడితే ఇంకేమవుతుంది?

కాబట్టి ఆ అబ్బాయి రెండో ప్రశ్నకు నా జవాబు, కొన్నిచోట్ల చూసే వేస్తున్నారు, చాలాచోట్ల రోడ్డును చూసి వేస్తున్నారు అని. దేశకాలపాత్రల్లో 'పాత్ర' అంటే రోడ్డు హోదా కాదు, రోడ్డు పక్క మనిషి. ఊరి మధ్యనుంచి పోయే రహదారి, ఆ ఊరున్నంత మేరా ఊరి వీధే. అక్కడ అంకె దించాలి. దించి ఊరుకుంటే చాలదు. నాలుగు లైన్ల వెడల్పు నున్నటి రోడ్డు వేసి పక్కన చిన్న బోర్డు పెట్టడం, పిల్లవాడి ముందు లడ్డూ పళ్ళెం పెట్టి తినకు నాయనా అనడం లాంటిది. దాటడానికి కింద దారో, పక్కన సర్వీసు రోడ్డో, నడిచేవాళ్ళకు గట్టో ఉండాలి. చట్టం రాష్ట్రానికి ఆ అధికారం ఇచ్చే ఉంచింది. అడిగేవాళ్ళు కావాలి.

అడగడం ప్రభుత్వాన్ని మాత్రమే కాదు. ఇక్కడ మన ఇళ్ళ సంగతి కూడా మాట్లాడుకోవాలి. ముహూర్తం మించిపోతోందనో, రైలు వెళ్ళిపోతుందనో, చుట్టాలు భోజనానికి ఎదురుచూస్తున్నారనో తొందరపెట్టే గొంతు చాలాసార్లు వెనక సీటులోదే. మరి ఆ తొందరకు దొరికేదెంత? ఇరవై కిలోమీటర్ల దూరాన్ని డెబ్బైకి బదులు తొంభై మీద పోతే మిగిలేది నాలుగు నిమిషాల లోపే. పాలు పొంగేపాటి సమయం. ఆ నాలుగు నిమిషాలు కారులో ఉన్నవాళ్ళ ఖాతాలో పడతాయి. వాటికోసం పెట్టిన పందెం మాత్రం రోడ్డు పక్క ఉన్నవాళ్ళ ఖాతాలోంచి పోతుంది. లాభం మనది, నష్టం మనం ఎన్నడూ పేరడగనివాళ్ళది. ఇంట్లో ఇద్దరు పిల్లల మధ్య ఇట్లాంటి పంపకం జరిగితే మనం ఒప్పుకుంటామా?

బోర్డు మీద డెబ్బై అని ఉంటే డెబ్బై మీద పోవడం ధర్మం అని కూడా కాదు సుమండీ. అది ఇంతకు మించవద్దన్న గీత. ఇంత పోవాలన్న ఆజ్ఞ కాదు. వాన కురుస్తున్నప్పుడు, పొగమంచు దిగినప్పుడు, శివరాత్రికి ఏడుపాయల జాతరకు జనం రోడ్డు పొడుగునా నడిచి వెళుతున్నప్పుడు అక్కడి ధర్మం ముప్ఫై కావచ్చు, పది కావచ్చు. ఉప్పు డబ్బాలో ఎంత ఉందో అంతా కూరలో వెయ్యం కదా. డబ్బా హద్దు వేరు, కూర హద్దు వేరు.

వెనక సీటులోంచి "కాస్త మెల్లిగా పోనివ్వండి" అనడం మన ఆడవాళ్ళకు అలవాటే. "నీకన్నీ భయాలే" అన్న జవాబు వినడమూ అలవాటే. దాన్ని పిరికితనం ఖాతాలో వేసేసి వాళ్ళు తప్పించుకుంటారు. అసలు ఆ మాటలో మన ప్రాణభయం ఒక్కటే లేదు. కిటికీలోంచి పక్కకు చూసే కళ్ళు మనవి. ముందు సీటువాళ్ళకు రోడ్డు కనబడుతుంది. మనకు రోడ్డు పక్క ఉన్నవాళ్ళు కనబడతారు. ఆ చూపు మనకు ఉన్నందుకు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

కాకపోతే "మెల్లిగా" అన్న మాట అరిగిపోయింది. ఈసారి దాని బదులు కనబడినదాన్నే చెప్పి చూడండి. "అదిగో, ముందు బడి ఉంది." "ఆ చెట్టుకింద ముసలాయన దాటబోతున్నాడు." "పిల్ల చేతిలో బిందె ఉంది." కాలు దానంతట అదే బ్రేకు మీదకు వెళుతుంది. ఎర్రజెండా పట్టుకుని ముందు నడిచే మనిషిని చట్టం ఎప్పుడో ఇంటికి పంపేసింది. ఆ పని బండిలో కూర్చునే చెయ్యవచ్చు.